తొంభై ఏళ్లు బతికిన తాతగారి మీద సంస్మరణ సంచిక వేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: మీ తాతగారు పోయిన నెల గుంటూరు బ్రాడీపేటలో తొంభయ్యో ఏట కాలం చేశారు. తపాలా శాఖలో ఉద్యోగం చేశారు. రిటైరయ్యాక పేటలో ఒక చదువుల గది నడిపారు, పెద్దాసుపత్రిలో దిక్కులేని రోగులకు తోడు కూర్చున్నారు, కొందరు పిల్లలకు ఫీజులు కట్టారు. సంవత్సరీకం నాటికి చిన్న పుస్తకం వేసి వచ్చినవాళ్లకు పంచాలని ఇంట్లో అనుకున్నారు. ‘నువ్వే కాస్త చదువుకున్నదానివి’ అంటూ ఆ పని మీ నెత్తిన పెట్టారు. మీరు ఆరు పేజీలు రాశారు. చదువుకుంటే అవి ఎవరి తాతగారికైనా సరిపోయేట్టున్నాయి. ఇప్పుడేం చేయాలి?

ముందు జవాబు చెప్పేస్తాను. ఆ ఆరు పేజీలు పక్కన పెట్టండి. రాయడం ఆపి అడగడం మొదలుపెట్టండి. అదీ ఇంట్లోవాళ్లను కాదు, ముందు బయటివాళ్లను. సంవత్సరీకానికి ఇంకా బోలెడు టైముంది అనుకోవద్దు. మీకు టైముంది, మీ తాతగారి ఈడువాళ్లకు ఉందో లేదో ఎవరు చెప్పగలరు?

నేను రచయితను కాను. బెజవాడ గాంధీనగరంలో ఒక ప్రెస్సులో అక్షరాలు కూర్చే పనిలో చేరి, తర్వాత ప్రూఫులు దిద్దుతూ నలభై ఏళ్లకు పైగా గడిపాను. సీసం అక్షరాల కాలం నుంచి కంప్యూటర్‌లో కూర్చే డీటీపీ దాకా చూశాను. పంచాంగాలు, శుభలేఖలు, గైడ్లతో పాటు సంస్మరణ సంచికలు కొన్ని వందలు నా కళ్ల ముందు నుంచి వెళ్లాయి. వాటిలో జనం ఇంటికి తీసుకెళ్లి బీరువాలో దాచుకున్నవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతావి భోజనాల బల్లల మీదే ఉండిపోయేవి. పప్పుచారు గిన్నె కింద పెట్టినవి కూడా చూశాను.

చేతి కూర్పు రోజుల్లో ఒక పేజీ అచ్చయ్యాక ఆ అక్షరాలు విడగొట్టి మళ్లీ గళ్లలో వేసేయాలి. మా ఫోర్‌మన్ మాత్రం ‘వారి మరణం మన సమాజానికి తీరని లోటు’ అన్న లైనును విడగొట్టనిచ్చేవాడు కాదు. దారం కట్టి అరలో పెట్టించేవాడు. వచ్చే వారం మళ్లీ కావాలి కదా అనేవాడు. మీ ఆరు పేజీల్లో అలా దారం కట్టి పెట్టుకోదగ్గ లైన్లు ఎన్నున్నాయో చూడండి. ‘నిరాడంబరుడు’, ‘అజాతశత్రువు’, ‘అడిగినవారికి లేదనకుండా’… ఇవన్నీ నిజమే కావచ్చు. నిజమైనంత మాత్రాన అవి ఆయన్ని పట్టుకోలేవు.

ఒక హెడ్‌మాస్టరు గారి సంచిక చేశాం. అరవై నాలుగు పేజీలు. అందులో ఇరవై రెండు పేజీలు నాయకుల సందేశాలు, ఒక్కొక్కరికీ ఫొటో. ప్రూఫు దిద్దుతూ ఏమీ తోచక లెక్కపెట్టాను, ‘తీరని లోటు’ పదిహేడు సార్లు వచ్చింది. పుస్తకం తయారయ్యాక మొదటి కాపీ వాళ్లావిడ చేతికిచ్చాం. ఆమె కళ్లజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా తిప్పి, ‘ఇందులో మా ఆయన ఎక్కడున్నారు బాబూ?’ అని అడిగారు. ఎగతాళికి కాదు, నిజంగానే వెతికారు. ఆయన ఫొటో కూడా అట్ట మీద తప్ప లోపల లేదు.

దీనికి పూర్తిగా వేరేది ఇంకొకటి. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టు గుమాస్తా. పెద్ద పదవులేవీ లేవు. ఆయన కొడుకు పదహారు పేజీల చిన్న పుస్తకం వేయించాడు. రాసేముందు యార్డుకు వెళ్లి హమాలీలతో మాట్లాడాడు. వాళ్లలో ఒక ముసలాయన చెప్పిన సంగతి ఇది: గుమాస్తాగారి బల్ల సొరుగులో ఎప్పుడూ ఒక కొబ్బరినూనె సీసా, పాత పంచె చించిన గుడ్డముక్కలు ఉండేవట. కాయ ఎత్తి ఎత్తి చేతులు మండిపోయే వేళకు ఎవరైనా వెళ్లి ఆ సొరుగు లాగి తీసుకోవచ్చు, అడగక్కర్లేదు. ‘సీసా అయిపోతే మరుసటి పొద్దుటికి మళ్లీ ఉండేది. ఆయన నింపడం నేనెప్పుడూ చూళ్లేదు’ అన్నాడట. కొడుక్కి ఈ సంగతి అంతకుముందు తెలియదు. ఇంట్లో నూనె త్వరగా అయిపోతోందని తల్లి సణుక్కోవడం మాత్రం గుర్తుందట. ఆ పేరా ప్రూఫు చదువుతుంటే మా మెషీన్‌మన్ వచ్చి నా వెనక నిలబడి చదివాడు. వాడు మామూలుగా ఏదీ చదవడు.

అందుకే బయటివాళ్లను అడగమన్నాను. ఇంట్లోవాళ్లకు మనిషి అలవాటైపోతాడు. పైగా ఇలాంటి పనులు చేసేవాళ్లు ఇంట్లో చెప్పి చేయరు, చెబితే లెక్కలు అడుగుతారని భయం.

ఎవరిని అడగాలి? మీ తాతగారి విషయంలో నాకు తోచినవాళ్లు: ఆయనతో పనిచేసిన పోస్ట్‌మన్లు, చదువుల గది తాళం తీసి ఊడ్చిన మనిషి, పేపర్లు వేసిన కుర్రాడు, ఆయన రోజూ టీ తాగిన కొట్టు, ఆసుపత్రి వార్డుల్లో ఆయాలు. ఆ ఆయాలను వదలొద్దు. దిక్కులేని రోగి పక్కన ఎవరు కూర్చున్నారో, ఎవరు ఫొటో దిగి వెళ్లారో వాళ్లకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

ఏం అడగాలి? ‘తాతగారు ఎలాంటివారు?’ అని మాత్రం అడక్కండి. ‘దేవుడమ్మా’ అంటారు, అక్కడితో సరి. చొక్కా జేబులో ఏముండేవి? దేనికి కోపం వచ్చేది? సైకిలు ఎక్కడ ఆపేవారు? మీ ఇంటికొస్తే ఎక్కడ కూర్చునేవారు? చివరిసారి మీ ఇద్దరూ దేని గురించి మాట్లాడుకున్నారు? ఇలా వస్తువుల మీదా చోట్ల మీదా అడిగితే జ్ఞాపకం దానంతటదే నడిచొస్తుంది. ఫోన్‌లో రికార్డు పెట్టుకోండి, కానీ ముందు అడిగి పెట్టండి. అయిపోయిందనుకుని మీరు లేచాక గుమ్మం దగ్గర ఒక మాట చెబుతారు చూడండి, అసలు సంగతి అదే అవుతుంది. అంచేత ఫోను జేబులో పెట్టేసే తొందర వద్దు.

స్నేహితుల దగ్గర ఇంకో ప్రశ్న ఉంది, అది అడగడానికి కొంచెం ధైర్యం కావాలి: ‘మీ ఇద్దరికీ ఎప్పుడైనా మాటలు ఆగిపోయాయా?’

బెజవాడలో ఇద్దరు రిటైర్డ్ టీచర్లుండేవారు. రోజూ సాయంత్రం బందరు కాలవ గట్టున కలిసి నడిచేవారు. ఏదో సంఘం ఎన్నికలో చెడింది. మూడేళ్లు మాటల్లేవు. నడక మాత్రం ఇద్దరూ మానలేదు. ఒకాయన ఈ గట్టున, ఇంకొకాయన ఆ గట్టున, అదే టైముకి. మొదటాయన భార్య పోయిన రోజు రెండో ఆయన వచ్చాడు. పలకరించలేదు, పరామర్శ లేదు. అరుగు మీద కూర్చుని, ఎవరి దగ్గరో కాగితం, కలం తీసుకుని ఖర్చుల పద్దు రాయడం మొదలుపెట్టాడు: వెదురుకు ఇంత, పూలకు ఇంత, బండికి ఇంత. చావింట్లో ఆ పద్దు రాయడానికి ఎవరు కూర్చుంటారో మనకు తెలుసు కదా, అయినవాళ్లే కూర్చుంటారు. పెద్దకర్మ దాకా ఆయనే రాశాడు. పన్నెండో రోజు కాగితం మడిచి చేతిలో పెడుతూ ‘సరిచూసుకో’ అన్నాడట. మూడేళ్ల తర్వాత అదే మొదటి మాట.

ఇది రెండో ఆయన పోయాక మొదటాయన రాసిచ్చిన వ్యాసం. చనిపోయినవాళ్ల పిల్లలు ఆ గొడవ సంగతి తీసేయమన్నారు. ‘పోయినాయన మీద మాట’ అని వాళ్ల బాధ. నేను ప్రూఫు దిద్దేవాణ్ణి మాత్రమే, నాకు సంబంధం లేదు, అయినా ఉండబట్టలేక వాళ్లతో వాదించాను. గొడవ తీసేస్తే పద్దు ఎందుకు గొప్పదో ఎవరికి అర్థమవుతుంది? చివరికి ఎన్నిక ఏదో, ఎవరు గెలిచారో తీసేసి మిగతాది ఉంచారు.

అలాగని ఇంటి గుట్టంతా అచ్చు వేయమని కాదు. ఆస్తి తగాదాలు, కోర్టు కేసులు, కోడళ్ల గొడవలు ముట్టుకోవద్దు. నా కొలత ఒకటే: ఆ సంగతి చదివి బతికున్న మనిషి తలదించుకోవాల్సి వస్తుందా? వస్తే వద్దు. పోయినాయన కోపం, మొండితనం, పిసినారితనం ఉండొచ్చు. సేవ చేసేవాళ్లకు ఇంట్లో పిసినారి అని పేరు ఉండటం నేను చాలాచోట్ల చూశాను.

ఇక కాగితాలు. మీ తాతగారు తపాలా మనిషి కాబట్టి మీ అదృష్టం బాగుంది. వాళ్లు కాగితం పారేయరు. పాత ఇళ్లలో గోడకు ఒక ఇనప తీగ వేలాడేది, కింద చెక్క బిళ్ల, పైన కొక్కెం, వచ్చిన ఉత్తరమల్లా దానికి గుచ్చేవారు. అలాంటిది అటక మీద ఉందేమో చూడండి. అన్నిటికంటే కిందున్నదే అన్నిటికంటే పాతది, కాబట్టి లాగి చెల్లాచెదురు చేయకుండా అదే వరసలో ఫొటోలు తీయండి. రాసినవాళ్లు తేదీ వేయకపోయినా పోస్టాఫీసు ముద్ర మీద ఉంటుంది. కార్డు ఏటవాలుగా వెలుతురుకు పట్టుకుంటే చెరిగిన ముద్ర కూడా కొంత తెలుస్తుంది. మనియార్డరు అందినట్టు సంతకంతో అప్పట్లో తిరిగొచ్చిన చిన్న ముక్కలు కూడా వెతకండి. ఎవరికి పంపారు, ఎంత పంపారు అన్నది అక్కడ దొరుకుతుంది.

జమాఖర్చు పుస్తకం దొరికితే ఇక మీకు నా అవసరం లేదు. ఒకరింట్లో 1968 నాటి పద్దు పుస్తకం చూశాను. పాలు, కిరసనాయిలు, చిన్నదానికి టానిక్కు, వీటి మధ్యలో ‘కాలవ గట్టు అమ్మాయి – పరీక్ష ఫీజు – 15’ అని ఉంది. రెండు లైన్ల కింద ‘చెప్పులు – వచ్చే నెల’ అని రాసి కొట్టేసి ఉంది. తర్వాతి నెలలోనూ చెప్పులు లేవు. ఆ పేజీని ఉన్నదున్నట్టు ఫొటో తీసి పుస్తకంలో వేశాం. కింద ఒక్క మాట రాయనివ్వలేదు నేను.

ఈ కాగితాలన్నీ ఈ వారమే ఫొటోలు తీసి రెండుచోట్ల దాచండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో మా బంధువుల ఇంట్లో పెళ్లి ఆల్బం, సర్టిఫికెట్లు, వాళ్ల నాన్నగారి డైరీలు అన్నీ ముద్దయిపోయాయి. కింది అరలో పెట్టారు, అంతే.

తేదీల దగ్గరకొద్దాం. ప్రూఫు దిద్దేవాణ్ణి కాబట్టి ఇది కొంచెం ఎక్కువ చెబుతాను, ఓపిక పట్టండి.

పుట్టిన తేదీ దగ్గరే సగం పుస్తకాలు తప్పటడుగు వేస్తాయి. ఆ తరంలో బళ్లో వేసేటప్పుడు మాస్టారు తనకు తోచిన తేదీ రాసుకునేవారు. మన పెద్దవాళ్లలో జులై 1న పుట్టినవాళ్లు అంతమంది ఉండటానికి అదే కారణం. సర్వీసు రిజిస్టరులో ఉన్నది ఆ తేదీ. ఇంట్లో ఆడవాళ్లకు గుర్తున్నది వేరే: ‘యువ నామ సంవత్సరం, మాఘమాసం’ అంటారు. తెలుగు సంవత్సరాలు అరవై ఏళ్లకొకసారి తిరిగొస్తాయి. ప్రభవ 1927లో వచ్చింది, మళ్లీ 1987లో వచ్చింది. అక్కడి నుంచి లెక్కపెడితే యువ 1935 ఉగాదితో మొదలవుతుంది. అయితే మాఘం అన్నారు కాబట్టి ఇంగ్లీషు లెక్కలో అది 1936 అవుతుంది, ఎందుకంటే మాఘ ఫాల్గుణాలు జనవరి వచ్చాక గాని రావు. ఈ ఒక్కటి మర్చిపోయి వయసు ఏడాది అటూ ఇటూ వేసినవాళ్లు చాలామంది. రెండు తేదీలూ ఉంటే రెండూ వేయండి, ‘రికార్డుల ప్రకారం’ అని ఒక మాట కలిపి.

ఊరి చిరునామా కూడా అంతే. మీ తాతగారి సొంతూరు ఇప్పుడు బాపట్ల జిల్లాలోకో పల్నాడు జిల్లాలోకో పోయి ఉండొచ్చు. ఆ జిల్లాలు 2022 ఏప్రిల్‌లో వచ్చాయి. మండలాలు వచ్చింది 1985లో. ఆయన పుట్టినప్పుడు అది మద్రాసు ప్రెసిడెన్సీలో గుంటూరు జిల్లా, ఫలానా తాలూకా. అలాగే రాసి, ఇప్పటి పేరు పక్కన పెట్టండి. చిన్న విషయమే, కానీ చదివే పెద్దవాళ్లకు మొదటి పేజీలోనే మీ మీద నమ్మకం కుదురుతుంది.

తేదీ సరిచూడటం వల్ల కొత్త జ్ఞాపకం దొరికిన సందర్భం ఒకటి చెబుతాను. ఒకాయన తమ్ముడు వ్యాసంలో రాశారు: ‘1951లో అన్నయ్యా నేనూ సైకిలు మీద బరాజు దాటి సీతానగరం వెళ్లేవాళ్లం.’ ప్రకాశం బరాజు తయారైంది 1957లో. అంతకుముందు అక్కడున్నది పాత ఆనకట్ట, అది 1952లో తెగింది. ఫోన్ చేసి ఈ సంగతి చెబితే ఆయనకు ముందు కోపం వచ్చింది. కాసేపు ఆగి, ‘ఔనౌను, పడవలో దాటాం. సైకిలుకు వేరే అర్ధణా అడిగేవాడు. అన్నయ్య సైకిల్ని భుజానెత్తుకుని, ఇప్పుడిది సైకిలు కాదు మూట, మూటకు డబ్బులేంటి అని పడవవాడితో వాదించాడు’ అన్నారు. బరాజు లైను కొట్టేసి ఇది వేశాం.

దీనికి ఎదురుగా కూడా జరిగింది. గుంటూరులో ఒక పెద్దాయన, ‘మీ తాతతో నా స్నేహం హైకోర్టు మెట్ల మీద మొదలైంది’ అని చెబితే మనవలు నవ్వి కొట్టేశారు. హైకోర్టు ఉండేది హైదరాబాదులో కదా, తాత ఏనాడూ హైదరాబాదు వెళ్లలేదు, పాపం పెద్దాయనకు మతి తప్పిందనుకున్నారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు రాజధాని కర్నూలు, హైకోర్టు గుంటూరుకు ఇచ్చారు. 1954 నుంచి 1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చేదాకా హైకోర్టు గుంటూరులోనే నడిచింది. పెద్దాయన మతి బాగానే ఉంది. పెద్దవాళ్లు చెప్పింది నమ్మశక్యంగా లేకపోతే కొట్టేయకండి, సరిచూడండి. పాత పత్రికలు చూడాల్సి వస్తే చీరాల దగ్గర వేటపాలెం సారస్వత నికేతనం ఉంది. 1918 నాటి గ్రంథాలయం. ఒక పూట కేటాయించుకుని వెళ్లండి.

సేవా కార్యక్రమాల సంగతికొస్తే, మన వైపు సంచికల్లో ‘దివిసీమ ఉప్పెనలో విశేష సేవలందించారు’ అన్న లైను కూడా దారం కట్టి పెట్టుకున్నదే. 1977 నవంబరు 19 ఉప్పెన. బెజవాడ, గుంటూరుల నుంచి నిజంగానే చాలామంది వెళ్లారు. మీ తాతగారూ వెళ్లి ఉంటే, దేంట్లో వెళ్లారు, ఏం తీసుకెళ్లారు, ఎన్నాళ్లున్నారు, తిరిగొచ్చాక ఎలా ఉన్నారు అని అడగండి. ఒకావిడ వాళ్లాయన గురించి చెప్పింది: ‘వెళ్లొచ్చాక మూడు రోజులు అన్నం ముట్టలేదు. ఏం చూశారని అడిగితే అగ్గిపెట్టెలు ఇంకా తీసుకెళ్లాల్సింది అన్నారు, అంతే.’ విశేష సేవలకంటే ఆ అగ్గిపెట్టెలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక, ఇది నా తప్పులోంచి వచ్చింది. సాయం పొందినవాళ్ల పేర్లు వాళ్లను అడక్కుండా వేయకండి. ఒక పుస్తకంలో ‘ఆయన చదివించిన విద్యార్థినులు’ అని పేర్లు, ఊళ్లు, ఇప్పటి ఉద్యోగాలతో జాబితా ఇచ్చారు. అచ్చుతప్పులు చూశాను, అంతకుమించి ఆలోచించలేదు. సభకు ముందురోజు సాయంత్రం ఒకావిడ ప్రెస్సుకు వచ్చింది. యాభై ఏళ్లుంటాయి, మంచి ఉద్యోగంలో ఉన్న మనిషి. ‘నన్ను మా మేనమామ చదివించాడని అత్తగారింట్లో చెప్పుకున్నామండీ ఇన్నాళ్లూ. రేపు మావాళ్లంతా ఆ సభకు వస్తున్నారు’ అంది. ఇక ఆ రాత్రి చూడాలి. ఐదు వందల కాపీలు. సెంటర్ పిన్ను కొట్టిన పుస్తకం కాబట్టి ఒక కాగితం మొదలంటా కోస్తే దాని జత కాగితం కూడా ఊడిపోతుంది. అందుకని స్కేలు పెట్టి, అరంగుళం అంచు వదిలి, ఒక్కో కాపీలో ఆ కాగితాన్ని బ్లేడుతో కోశాం. తెల్లారేసరికి వేళ్లు కోసుకుపోయాయి. కాగితం వెనక వైపు ఆయన మేనల్లుడి పద్యం ఉంది, అది కూడా పోయింది. ఆ మేనల్లుడు ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడడు.

కాబట్టి మీ తాతగారు ఫీజులు కట్టిన పిల్లలు వాళ్లంతట వాళ్లు రాస్తామంటే సంతోషంగా వేయండి. లేకపోతే ‘కాలవ గట్టు అమ్మాయి’ చాలు.

మీ నాయనమ్మ గురించి మీరు ఒక్క వాక్యం మాత్రమే రాశారు, ‘ఆయనకు అన్నివిధాలా సహకరించారు’ అని. దయచేసి ఆ వాక్యం కొట్టేయండి. ఆవిడ పక్కన కూర్చుని, బియ్యం ఎన్ని పోసేవారో అడగండి. నవ్వుతున్నారా? ఒక సంఘసేవకుడి భార్యను నేను సరిగ్గా ఇదే అడిగాను. ‘మేం ఆరుగురం బాబూ. నేను రోజూ ఒక సోలెడు ఎక్కువ పడేసేదాన్ని. ఎవరిని వెంటబెట్టుకొస్తారో తెలీదు కదా. ఎవరూ రాకపోతే రాత్రికి నేను చద్దన్నం తినేదాన్ని’ అన్నారు. ముప్పై ఐదేళ్లు. మీ ఇంట్లో కూడా ఆ సోలెడు బియ్యం లెక్క ఒకటి ఉండే ఉంటుంది. ఆవిడ చెప్పింది ఆవిడ మాటల్లోనే, గుంటూరు యాస తీసేయకుండా వేయండి. వ్యాకరణం దిద్దొద్దు. దిద్దడమే వృత్తిగా బతికినవాణ్ణి చెబుతున్నాను.

ప్రెస్సు సంగతులు త్వరగా చెప్పి ముగిస్తాను. డెమ్మీ 1/8, అంటే మామూలు పుస్తకాల సైజు, చేతికి బాగుంటుంది. అచ్చు ఫారాల లెక్కన నడుస్తుంది, ఫారం అంటే 16 పేజీలు. కాబట్టి 32 గాని 48 గాని అనుకోండి, 35 అంటే మిగతావి ఖాళీగా పోతాయి, వాటిని నింపడానికి మళ్లీ సందేశాలు తెస్తారు. 48 దాటితే సెంటర్ పిన్ను కాకుండా, వెన్నుకు జిగురు పెట్టే పర్‌ఫెక్ట్ బైండింగ్ చేయించండి. లోపల మ్యాప్‌లిథో, అంటే మామూలు తెల్ల కాగితం, చాలు. ఫొటోలు ఎక్కువుంటే వాటిని మధ్యలో ఒకచోట చేర్చి ఆర్ట్ పేపరు మీద వేయించండి. ఫొటోలు వాట్సాప్‌లో పంపితే పలచబడిపోతాయి, స్కాన్ చేసి మెయిల్ చేయండి. గ్రూపు ఫొటోల వెనక ‘ఎడమ నుంచి’ అంటూ పేర్లు పెన్సిలుతో ఇప్పుడే రాయించండి, మీ నాయనమ్మ తప్ప గుర్తుపట్టేవాళ్లు ఇంట్లో ఎవరూ ఉండరు. అట్ట మీద దండ వేసిన ఫొటో వద్దు. సైకిలుతోనో పేపరుతోనో ఉన్నది చూడండి.

ఫోన్‌లో యూనికోడ్‌లో టైపు చేసినదాన్ని ప్రెస్సువాళ్లు తమ ఫాంట్లలోకి మార్చేటప్పుడు ఒత్తులు, అరసున్నలు ఎగిరిపోతాయి. కాబట్టి మార్చాక కాగితం మీద ప్రూఫు తీయించి చదవండి, స్క్రీను మీద కాదు. పేర్లు మాత్రం ఇద్దరు విడివిడిగా చూడాలి. వియ్యంకుడి ఇంటిపేరు తప్పుపడితే మిగతా నలభై ఏడు పేజీలూ ఎవరికీ గుర్తుండవు.

సందేశాలు అసలే వద్దంటే మీ నాన్నగారు, బాబాయిలు ఊరుకోరు, నాకు తెలుసు. చివర్లో రెండు పేజీలు ఇవ్వండి, ఒక్కొక్కరికి నాలుగు లైన్లు. ముందే లెక్క చెప్పేస్తే ఎవరూ నొచ్చుకోరు.

సంవత్సరీకం తిథి ప్రకారం వస్తుంది కాబట్టి పోయిన తేదీకంటే పది పన్నెండు రోజులు ముందే వస్తుంది. మధ్యలో అధికమాసం పడితే ఆ తేదీ దాటాక వస్తుంది. పురోహితుడిగారిని అడిగి ఖాయం చేసుకుని, దానికి నెల ముందు ప్రెస్సుకు ఇచ్చేయండి. పెళ్లిళ్ల సీజనైతే ఇంకో పది రోజులు కలపండి, శుభలేఖల ముందు మన పని ఎవరూ ముట్టుకోరు.

మీ ప్రశ్న చివర్లో ఒక మాట అన్నారు, తాతగారి స్నేహితుల్లో మిగిలింది ఒక్కరే, లక్ష్మీపురంలో ఉంటారు, ఎనభై తొమ్మిదేళ్లు, చెవి సరిగా వినపడదు, అందుకే ఫోన్ చేయలేదని. ఫోన్ వద్దమ్మా. ఈ శనివారం గుంటూరు బస్సెక్కండి. పొద్దున పదింటికి, ఆయన టిఫిను తిని పేపరు చూసి తీరిగ్గా ఉన్నప్పుడు వెళ్లండి. ప్రశ్నలు పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి తీసుకెళ్లండి, ఒక్కో కాగితం మీద ఒక్క ప్రశ్న. తాతగారి పాత ఫొటో ఒకటి పట్టుకెళ్లి ముందు అది చేతిలో పెట్టండి. కాగితాలు తర్వాత.